పెట్టెలో రొద, గదిలో ఎండ

మొదట్లో బల్ల మీది కంప్యూటర్లు రొద చేసేవి కావు. ఈ మాట చెబితే మా షాపుకొచ్చే కుర్రాళ్లు నమ్మరు. పాత మిషను అంటే ఎక్కువ చప్పుడు, కొత్త మిషను అంటే తక్కువ చప్పుడు, అంతే వాళ్ల లెక్క. నిజానికి అది అంత వరసగా జరగలేదు. 1977లో ఆపిల్ 2 వచ్చినప్పుడు అందులో ఫ్యానే లేదు. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు దాని ప్రాసెసర్ మీద చిన్న రేకు ముక్క కూడా లేదు. చప్పుడు తరవాత వచ్చింది, ఏటికేడు పెరిగింది, 2004 ప్రాంతంలో భరించలేని స్థాయికి చేరింది, అక్కణ్ణుంచి వెనక్కి తిరిగింది. 1994 నుంచి గుంటూరు బ్రాడీపేటలో ఇవే పెట్టెలు విప్పి బిగిస్తున్నాను కాబట్టి ఆ ఎక్కుడూ దిగుడూ రెండూ నా బల్ల మీదుగానే పోయాయి.

బల్ల మీదికి రాకముందు కంప్యూటర్ చప్పుడు ఎవరికీ బాధ కాలేదు. హైదరాబాద్ ఈసీఐఎల్‌లో 1969లో టీడీసీ-12 తయారైన రోజుల్లో యంత్రానికి ఒక గది, మనిషికి ఇంకో గది. లోపల ఎంత హోరున్నా తలుపు వేసుకుంటే సరి. ఆ యంత్రం చిన్నదై మనిషి పక్కనొచ్చి కూర్చున్నాకే గొడవ మొదలైంది.

స్టీవ్ జాబ్స్‌కి ఫ్యాను హోరు గిట్టేది కాదు. ఆపిల్ 2లో అది ఉండటానికి వీల్లేదని పట్టుబట్టాడు. ఆ రోజుల్లో చిన్న కంప్యూటర్లకి కరెంటు అందించే పద్ధతి మోటుగా ఉండేది. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌తో వోల్టేజి దించి, అవసరానికి మించిన దాన్ని వేడి కింద తగలేసేవారు. ఆ వేడిని బయటికి తోలడానికే ఫ్యాను. అటారీలో పనిచేస్తున్న రాడ్ హోల్ట్‌ని పట్టుకొచ్చి, సెకనుకి వేలసార్లు కరెంటుని ఆపుతూ వదులుతూ కావలసినంతే తీసుకునే స్విచింగ్ సప్లై చేయించారు. ఆ పద్ధతి హోల్ట్ కనిపెట్టింది కాదు, పెద్ద యంత్రాల్లో అప్పటికే ఉంది. దాన్ని ఇంటి బల్ల మీదికి తెచ్చిన వాళ్లలో ఆయన ముందువాడు. ఇవాళ మనం ఎస్ఎంపీఎస్ అంటున్న డబ్బా అదే జాతి. చప్పుడు తగ్గించిన వాళ్ల జాబితా నన్ను రాయమంటే మొదటి పేరు జాబ్స్‌ది రాయను, హోల్ట్‌ది రాస్తాను. వద్దనడం తేలిక. వేడి పుట్టకుండా చూసినవాడు ఆయన.

అయినా జనం ఊరుకోలేదు. ఆపిల్ 2లో 8 స్లాట్లుండేవి. వాటిలో కార్డు మీద కార్డు గుచ్చారు, పెట్టె కాగిపోయింది. కెన్సింగ్టన్ కంపెనీ ‘సిస్టమ్ సేవర్’ పేరుతో పెట్టె పక్కన తగిలించుకునే ఫ్యాను తయారు చేసింది. జాబ్స్ వద్దన్న ఫ్యానుని కొనుక్కున్నవాళ్లే మళ్లీ డబ్బు పోసి తెచ్చి తగిలించుకున్నారన్నమాట.

1980లో వచ్చిన ఆపిల్ 3 ఇంకా ముదిరింది. ఫ్యాను లేదు సరికదా, గాలి పోయే కంతలు కూడా లేవు. బరువైన అల్యూమినియం పోత అడుగే వేడిని లాగేస్తుందని లెక్క. మొదట అమ్మిన మిషన్లు వరసగా మొరాయించాయి. చిప్పులు సాకెట్లలో వదులవుతున్నాయనీ, మిషను ముందు భాగం కొన్ని అంగుళాలు ఎత్తి బల్ల మీదికి వదిలేస్తే సర్దుకుంటాయనీ కంపెనీ వాళ్లే సలహా ఇచ్చారు. వేడి వల్లనే అని లోకమంతా అంది. పెట్టె డిజైన్ చేసిన జెర్రీ మానక్ మాత్రం ఒప్పుకోలేదు, తప్పు బోర్డులో ఉందన్నాడు. ఆ సలహా విని అందరూ నవ్వుతారు గానీ నాకు నవ్వు రాదు. ర్యామ్ పీకి, ఎరేజర్‌తో కాళ్లు రుద్ది, మళ్లీ నొక్కి కూర్చోబెట్టి మేం లేపిన మిషన్లు ఎన్ని లేవు!

1984 మెకింటాష్‌లోనూ ఫ్యాను లేదు. మరుసటి ఏడు జాబ్స్ కంపెనీ వదిలి వెళ్లాడు. 1987లో వచ్చిన మెకింటాష్ ఎస్ఈలో ఫ్యాను ఉంది. ఆ మొదటి ఫ్యాను ఎంత మోత పెట్టిందంటే తరవాతి మిషన్లలో దాన్ని మార్చాల్సి వచ్చింది. జాబ్స్ తిరిగొచ్చాక 2000లో పవర్ మ్యాక్ జీ4 క్యూబ్ అని మళ్లీ ఫ్యాను లేని పెట్టె తెచ్చాడు. ఏడాది తిరక్కుండానే దాని తయారీ ఆపేశారు. అది పోయింది ధర వల్ల. చప్పుడు విషయంలో మాత్రం మాట నిలబెట్టుకుంది.

ఇదంతా పుస్తకాల్లో చదివిందే. మా ఊరికి ఆపిల్ రాలేదు, వచ్చింది ఐబీఎం సంతానం. 1981 నాటి అసలు పీసీలో ఎస్ఎంపీఎస్ 63.5 వాట్లది. హార్డ్‌డిస్క్‌తో వచ్చిన ఎక్స్‌టీలో 130, ఆ తరవాతి ఏటీలో 192. ఫ్యాను ఒక్కటే, ఎస్ఎంపీఎస్ లోపల. లోపలి గాలి మొత్తాన్నీ అదే లాగి వెనక నుంచి వదిలేది. ప్రాసెసర్ వంక ఎవరూ చూసేవారు కాదు.

నేను పనిలో చేరేనాటికి గుంటూరులో వీధికొక డీటీపీ సెంటరు మొలుస్తోంది. శుభలేఖలు, కరపత్రాలు, కాలేజీ గైడ్లు. 486 మిషను, 14 అంగుళాల మానిటరు, పక్కన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు. ప్రింటరు అరుస్తుంటే కంప్యూటర్ కూడా చప్పుడు చేస్తుందన్న సంగతి ఎవరికి తడుతుంది? 33 మెగాహెర్ట్జ్ 486ల్లో చాలావాటి మీద ఏమీ ఉండేది కాదు. 66కి వచ్చేసరికి హీట్‌సింక్ ఎక్కింది, దాని మీద అగ్గిపెట్టంత ఫ్యాను ఎక్కింది. అంత చిన్న ఫ్యాను కావలసిన గాలి తోలాలంటే నిమిషానికి నాలుగైదు వేల చుట్లు తిరగాలి. ఈల అక్కడ పుట్టింది.

1993లో వచ్చిన మొదటి పెంటియమ్ 5 వోల్టుల మీద నడిచి సుమారు 15 వాట్లు తినేది. వోల్టేజి సగమైతే వేడి సగం కాదు, పావు అవుతుంది. అందుకే మరుసటి ఏడు 3.3 వోల్టులకి దించారు. కానీ అలా మిగిల్చుకున్నదంతా మెగాహెర్ట్జ్‌లు మింగేశాయి. 1997లో 300 మెగాహెర్ట్జ్ పెంటియమ్ 2 దగ్గర దగ్గర 43 వాట్లకి చేరింది. మధ్యలో 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ పద్ధతి తెచ్చినప్పుడు ఒక మంచి ఆలోచన చేసింది. ఎస్ఎంపీఎస్ ఫ్యానుని తిప్పి పెట్టి, బయటి గాలిని నేరుగా ప్రాసెసర్ మీదికి ఊదిస్తే ఇంకో ఫ్యాను అక్కర్లేదని. కాగితం మీద బాగుంది. ఎస్ఎంపీఎస్‌లోంచి వచ్చే గాలి ముందే వేడెక్కి వస్తుందని తేలాక ఆ ఫ్యానుని మళ్లీ వెనక్కి తిప్పారు. అలా రెండో ఫ్యాను శాశ్వతమైంది.

ఆ చిన్న ఫ్యాన్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా తిండి చాలా ఏళ్లు వాటి మీదే. బాల్ బేరింగ్ రకం ఖరీదు. చౌకవన్నీ స్లీవ్ రకం, అంటే నూనె పీల్చుకున్న కంచు గొట్టంలో ఇరుసు తిరుగుతుంది. కొత్తలో స్లీవ్ ఫ్యానే మెత్తగా ఉంటుంది. నూనె ఎండాక ఇరుసు అల్లాడి గరగరమంటుంది. చలికాలం పొద్దున ఆన్ చెయ్యగానే గర్రుమని పావుగంటలో సర్దుకుంటే నూనె చిక్కబడిందని అర్థం. ఎంతసేపైనా తగ్గకపోతే గొట్టం అరిగిందని. టక్ టక్ అంటే ఏదో వైరు రెక్కకి తగులుతోందని. రిసీవరు పెట్టె దగ్గర పెట్టమని, ఫోన్లోనే విని రోగం చెప్పేవాణ్ణి. మందు మాత్రం ఒకటే: ఫ్యాను వెనక స్టిక్కరు సగం లేపి, కుట్టు మిషను నూనె ఒక్క చుక్క వేసి, మళ్లీ అంటించడం. రెండు చుక్కలు పడితే స్టిక్కరు ఊడుతుంది, నూనె చిమ్ముతుంది, దుమ్ము ముద్దకడుతుంది.

గుంటూరులో దుమ్ము అంటే ఒట్టి దుమ్ము కాదు. మిర్చి యార్డు దగ్గర కమిషన్ కొట్లలో కంప్యూటర్లు పెట్టిన రోజు నుంచి వాటి లోపలికి కారం పోతూనే ఉంది. సీజన్లో తెచ్చిన పెట్టె మూత తీస్తే హీట్‌సింక్ రేకుల మధ్య ఎర్రటి పొర. బ్లోయర్ పెట్టామా, పక్క షాపు వాళ్లు కూడా తుమ్ముతూ తిట్టేవాళ్లు. జిన్నింగ్ మిల్లు ఆఫీసుల నుంచి వచ్చినవాటిలో దూది నూగు అట్టకట్టి ఉండేది. రేకుల సందులు మూసుకుంటే గాలి పోదు, ప్రాసెసర్ కాగుతుంది, బోర్డు ఫ్యాను వేగం పెంచుతుంది, ఆ వేగానికి ఇంకాస్త దుమ్ము లోపలికొస్తుంది. చప్పుడు చేస్తోందని మా దగ్గరికి తెచ్చిన మిషన్లలో ఫ్యాను పాడైనవాటి కంటే శుభ్రం చేస్తే నోరు మూసుకున్నవే ఎక్కువ. చప్పుడు తగ్గించడానికి ఏం కొనాలని ఇప్పటికీ అడుగుతారు. ముందు ఒక పెయింటు బ్రష్ కొనండి అంటాను.

2000లో ఏఎండీ, ఇంటెల్ పోటాపోటీగా ఒక గిగాహెర్ట్జ్ దాటాయి. అక్కణ్ణుంచి నాలుగేళ్లు పిచ్చి పట్టిన కాలం. అథ్లాన్ ప్రాసెసర్ల మీద పెట్టుకోవడానికి తైవాన్ డెల్టా కంపెనీ 60 మిల్లీమీటర్ల ఫ్యాను ఒకటి అమ్మేది. నిమిషానికి 7000 చుట్లు, 46 డెసిబెల్స్‌కి పైనే. దాన్ని కోరి కొనుక్కున్నవాళ్లున్నారు, మిషను వేగంగా నడుస్తుంది కదా అని. 2001 ఫిబ్రవరిలో ఇంటెల్ పెద్ద ఇంజనీరు పాట్ గెల్సింగర్ శాన్ ఫ్రాన్సిస్కో సభలో లెక్కేసి చూపించాడు. చిప్పు మీద చదరపు సెంటీమీటరుకి పుట్టే వేడి ఇదే దారిలో పెరిగితే 2005కి అణు రియాక్టరంత, 2010కి రాకెట్ నాజిలంత, 2015కి సూర్యుడి ఉపరితలమంత అవుతుందని. హెచ్చరిక చేసిన కంపెనీయే ఆ తరవాత మూడేళ్లు అదే దారిలో పరిగెత్తింది, అది వేరే విషయం.

2003లో ఎన్విడియా జీఫోర్స్ ఎఫ్‌ఎక్స్ 5800 అల్ట్రా గ్రాఫిక్స్ కార్డు వచ్చింది. దాని ఫ్యాను మోతకి ప్రపంచమంతా వెక్కిరిస్తే, చివరికి ఎన్విడియా వాళ్లే తమ కార్డుని ఆకులు ఊడ్చే బ్లోయరుగా వాడుతున్నట్టు వీడియో తీసి వాళ్ల మీద వాళ్లే జోకేసుకున్నారు. ఆపిల్ వాళ్ల 2002 పవర్ మ్యాక్ జీ4కి కొన్నవాళ్లు పెట్టిన ముద్దు పేరు ‘విండ్ టన్నెల్’. ఫ్యాను చప్పుడంటే గిట్టని మనిషి ఆ కంపెనీ నడుపుతుండగానే ఈ సంగతి.

2004 ఫిబ్రవరిలో ఇంటెల్ ప్రెస్కాట్ అనే పెంటియమ్ 4 దించింది. 103 వాట్లు, పై రకాల్లో 115. ఇక్కడ మా ఊరి ఎండ కథలోకి వస్తుంది. ఇంత వేడిని పెట్టెలోంచి తీయడానికి ఇంటెల్ క్యాబినెట్ తయారు చేసేవాళ్లకి ఒక కొలత ఇచ్చింది. బయట గది 35 డిగ్రీలున్నా సరే, ప్రాసెసర్ ఫ్యాను దగ్గరికొచ్చే గాలి 38 దాటకూడదు. అందుకోసం క్యాబినెట్ పక్క తలుపుకి రంధ్రం పెట్టి, లోపల ప్లాస్టిక్ గొట్టం బిగించి, బయటి గాలి నేరుగా ఫ్యాను మీదికి దిగేలా చేశారు. ఆ గొట్టం క్యాబినెట్లు మీరూ చూసే ఉంటారు. ‘38 డిగ్రీల క్యాబినెట్’ అనే పేరుతోనే అమ్మేవారు. మే నెల మధ్యాహ్నం గుంటూరులో రేకుల కప్పు కింద ఇంటర్నెట్ సెంటరులో 38 ఎక్కడిది? గదే 42 ఉంటుంది. ఆ గొట్టం గుండా దిగేది 42 డిగ్రీల గాలి.

లెక్క చూడండి. ప్రాసెసర్ పైమూత సుమారు 70 డిగ్రీలు దాటకూడదనుకుందాం. గది 20 డిగ్రీలుంటే మధ్యలో 50 డిగ్రీల తేడా ఉంది, వేడి దానంతటది దిగడానికి అంత వాలు. గది 42 అయితే ఆ తేడా 28కి కుదించుకుపోతుంది. గాలి సంగతీ అంతే. 100 వాట్ల వేడిని పట్టుకుపోతూ గాలి 20 డిగ్రీలు వేడెక్కినా ఫర్వాలేదనుకుంటే నిమిషానికి సుమారు 250 లీటర్లు చాలు. 10 డిగ్రీలకి మించకూడదంటే 500 లీటర్లు కావాలి. వియన్నాలోనో వాంకూవర్‌లోనో కూర్చున్నవాడికి సగం గాలితో గడిచిపోయే పని మాకు గడవదు. చప్పుడు తగ్గించే చిట్కాలన్నీ చలి దేశాల వాళ్లే రాశారు. అవి అబద్ధాలు కావు, ఆ గదులకి నిజాలు.

ఆ చలి దేశాల వాళ్లని తక్కువ చేసి మాట్లాడటం లేదు. కంపెనీలు పట్టించుకోని కాలంలో ఈ పని భుజానేసుకుంది వాళ్లే. వాంకూవర్‌లో మైక్ చిన్ అనే ఆయన 2002 నుంచి ఫ్యాన్లు, హార్డ్‌డిస్కులు, ఎస్ఎంపీఎస్‌లు ఒక్కొక్కటీ తెచ్చి, చప్పుడు కొలిచి, ఏది నిజంగా మెత్తనిదో ఏది ఒట్టి లేబులో తేల్చి రాశాడు. 2005లో ఆంటెక్ కంపెనీ ఆయన్నే కూర్చోబెట్టుకుని పీ180 క్యాబినెట్ చేయించింది. కొరియాలో జల్మాన్ కంపెనీ రాగి రేకుల్ని విచ్చుకున్న పువ్వు ఆకారంలో పేర్చి, మధ్యలో పెద్ద ఫ్యానుని నెమ్మదిగా తిప్పే కూలర్లు తెచ్చింది.

వీళ్లందరూ పట్టుకున్న సూత్రం ఒకటే. ఫ్యాను వేగం సగానికి తగ్గితే గాలి కూడా సగమే వస్తుంది, కానీ చప్పుడు 15 డెసిబెల్స్ పడిపోతుంది. 10 డెసిబెల్స్ తగ్గితేనే చెవికి సగమైనట్టుంటుంది కాబట్టి 15 అంటే సామాన్యం కాదు. పోయిన గాలిని వెనక్కి తెచ్చుకోవడానికి ఫ్యాను వెడల్పు పెంచాలి. 120 మిల్లీమీటర్ల ఫ్యాను 80 మిల్లీమీటర్ల దాని వేగంలో సగంతోనే అంత గాలీ తోలుతుంది. పెద్ద తాటాకు విసనకర్రని మెల్లగా విసరడం మనకి కొత్తా? అయినా క్యాబినెట్ వాళ్లు 80 వదిలి 120కి రావడానికి ఏళ్లు పట్టింది.

ఆ రోజుల్లోనే మా ఏరియాలో ఉండే రిటైర్డ్ తెలుగు లెక్చరర్ ఒకాయన పిలిపించారు. ఆయనకి నాటక పద్యాల పిచ్చి. ఇంట్లో ఒక గదికి దుప్పట్లు కట్టి, మైకు పెట్టి, పెంటియమ్ 4 మీద పద్యాలు రికార్డు చేసుకునేవారు. రాగం తీసి ఆపినప్పుడల్లా వెనక హోరు.

“ఏమోయ్, దీని నోరు మూయించే మార్గం లేదా?”

“ఉంది మాస్టారూ. కానీ అది కార్తీకం నుంచి మాఘం దాకానే పనిచేస్తుంది.”

“అదేం వైద్యమయ్యా, రుతువుల్ని బట్టి?”

ఆయనకి చేసిన పని ఇదీ. క్యాబినెట్ వెనక ఫ్యానుకి 12 వోల్టుల పసుపు వైరు ఉంచి, భూమి వైరు బదులు 5 వోల్టుల ఎర్ర వైరు ఇచ్చాను. రెండింటి తేడా 7 వోల్టులు, ఫ్యాను ఆ ఏడు మీద తిరుగుతుంది. ప్రపంచమంతా వాడిన కిటుకు ఇది. కొన్ని ఫ్యాన్లు ఏడు వోల్టులకి లేవవు, అందుకే ముందు బల్ల మీద పరీక్షించి లేచినదాన్నే బిగించాలి. ఎస్ఎంపీఎస్ ఫ్యానుని మాత్రం ముట్టుకోలేదు, అది ఆగితే పోయేది పద్యాలు ఒక్కటే కాదు. హార్డ్‌డిస్క్ స్క్రూలు విప్పేసి, సైకిల్ ట్యూబు కోసిన పట్టీల మీద ఊయల కట్టాను. డిస్కు తిరిగేటప్పుడు పుట్టే వణుకు రేకు పెట్టెకి అందితే పెట్టె మొత్తం మోగుతుంది. ట్యూబు ఆ దారి తెంపేసింది. దుప్పటి గదిలో తేడా ఆయన చెవికి వెంటనే తెలిసింది. ఎండాకాలం వచ్చేసరికి నేను వెళ్లి ఫ్యానుని మళ్లీ 12 వోల్టులకి మార్చాను. లేకపోతే పెంటియమ్ 4 తన్ను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, రికార్డింగ్ ముక్కలు ముక్కలవుతుంది. మే నెలంతా మాస్టారు తెల్లవారుజామున లేచి, గది కాస్త చల్లగా ఉండగానే పాడుకునేవారు.

హార్డ్‌డిస్క్ చప్పుడు వేరే వంశం. రెండు గొంతులు దానివి: పళ్లెం తిరిగే సన్నటి ఈల, ముల్లు ఇటూ అటూ గెంతే కటకట. ఈలని పోగొట్టింది బేరింగ్ మార్పు. లోపలి ఉక్కు గుళ్ల స్థానంలో నూనె పొర మీద తిరిగే ఇరుసు వచ్చింది. 2001లో సీగేట్ బరాకుడా ఏటీఏ 4తో అది మామూలు మిషన్లలోకి దిగింది. ఆ డిస్కు పక్కన చెవి పెట్టి నడుస్తోందా లేదా అని చూసుకునేవాళ్లం. కటకటకి మందు సాఫ్ట్‌వేర్‌లో ఉండేది. ముల్లుని మెల్లగా కదపమని 128 నుంచి 254 దాకా ఒక అంకె ఇవ్వొచ్చు. 128 అంటే నెమ్మది, 254 అంటే దూకుడు. ఈ మంచి ఏర్పాటు కోర్టుకెక్కింది. ముల్లు కదలికని మెత్తబరిచే పద్ధతి మాదంటూ 2000లో కన్వాల్వ్ అనే కంపెనీ, ఎంఐటీ కలిసి సీగేట్, కాంపాక్‌ల మీద దావా వేశాయి. అది ఏళ్ల తరబడి సాగింది. సీగేట్ తన డిస్కుల్లోంచి ఆ అంకెనే తీసేసింది. వకీళ్ల వల్ల కటకట తిరిగొచ్చిన ఉదంతం ఇదొక్కటే అనుకుంటాను.

మలుపు మాత్రం 2004 మేలో వచ్చింది. ప్రెస్కాట్ తరవాత రావలసిన తేజాస్ అనే ప్రాసెసర్‌ని ఇంటెల్ రద్దు చేసుకుంది. వేడి గోడకి గుద్దుకున్నట్టు బయటికి అంత సూటిగా చెప్పలేదు గానీ, రేకులు విప్పే మాలాంటి వాళ్లకి అర్థమైపోయింది. ఇజ్రాయెల్ హైఫాలో వాళ్ల ఇంకో బృందం ల్యాప్‌టాప్‌ల కోసం తక్కువ వేగంతో ఎక్కువ పని చేసే చిప్పుని అప్పటికే తయారు చేసి ఉంది. బ్యాటరీ మిగల్చడం వాళ్ల పని, చప్పుడు వాళ్ల ధ్యాసలోనే లేదు. ఆ వంశంలో పుట్టిన కోర్ 2 డ్యువో 2006 జులైలో బల్ల మీది మిషన్లలోకి వచ్చింది. 65 వాట్లు, ప్రెస్కాట్ కంటే ఎక్కువ పని. ఆ ఏడాది నుంచి మా షాపులో చప్పుడు కేసులు తగ్గాయి. గొట్టాలు, రబ్బర్లు, ఏడు వోల్టుల కిటుకులు అన్నీ కలిసి చేసిన దానికంటే ఈ ఒక్క చిప్పు ఎక్కువ చేసింది.

మిగతావి కూడా దాని చుట్టూ పోగయ్యాయి. నాలుగు వైర్ల ఫ్యాను వచ్చింది. నాలుగో వైరు మీద బోర్డు సెకనుకి 25 వేల సార్లు ఆపుతూ వదులుతూ వేగం నడిపిస్తుంది. 25 వేలే ఎందుకంటే మనిషి చెవి 20 వేలు దాటితే వినలేదు, అంతకంటే తక్కువైతే ఆ ఆపడం వదలడమే సన్నగా వినబడుతుంది. 2004లో అమెరికాలో 80 ప్లస్ పథకం మొదలై, తీసుకున్న కరెంటులో కనీసం 80 శాతం పనికి అందించే ఎస్ఎంపీఎస్‌లకి ముద్ర వేయడం మొదలుపెట్టింది. వృథా తగ్గితే దాని ఫ్యానుకీ పని తగ్గుతుంది. 1963లో లాస్ అలమాస్ లేబొరేటరీలో జార్జ్ గ్రోవర్ అంతరిక్ష నౌకల కోసం తయారు చేసిన వేడి గొట్టం, అంటే లోపల కాస్త ద్రవం ఆవిరై అటు పోయి చల్లబడి ఇటు తిరిగొచ్చే రాగి గొట్టం, నలభై ఏళ్ల తరవాత మామూలు ప్రాసెసర్ కూలర్లలోకి దిగింది. 2008లో ఇంటెల్ ఎక్స్25-ఎం లాంటి ఎస్ఎస్‌డీలు వచ్చాక తిరిగే పళ్లేలూ పోయాయి, సైకిల్ ట్యూబు పట్టీల అవసరమూ పోయింది.

అదే 2008లో నవ్వొచ్చే బోర్డు ఒకటి వచ్చింది, ఇంటెల్ డీ945జీసీఎల్ఎఫ్. దాని మీద ఆటమ్ ప్రాసెసర్ 4 వాట్లది, ఫ్యాను అక్కర్లేని చిన్న రేకు చాలు. పక్కన పెట్టిన చిప్‌సెట్ పాతది, 22 వాట్లు. అందుకని చిప్‌సెట్ మీద ఫ్యాను! యజమాని చల్లగా కూర్చుంటే గుమాస్తాకి చెమట. కస్టమర్లు ఆ ఫ్యానునే ప్రాసెసర్ ఫ్యాను అనుకుని చూపించేవాళ్లు. నేనూ అదే పేరుతో బిల్లు రాసేవాణ్ణి, వివరించే ఓపిక లేక.

ఇక ఇప్పటి ఫ్యాన్ల సంగతి. ఆస్ట్రియా కంపెనీ నాక్టువా 2018లో తెచ్చిన 120 మిల్లీమీటర్ల ఫ్యానులో రెక్క కొసకీ చుట్టూ ఉన్న చట్రానికీ మధ్య సందు అర మిల్లీమీటరు. రెక్క వేడికి, తిరుగుడుకి సాగితే చట్రానికి తగులుతుంది కాబట్టి సాగని ప్రత్యేకమైన ప్లాస్టిక్ తయారు చేయించుకోవాల్సి వచ్చింది. ఆ సందులోంచి గాలి వెనక్కి జారడం తగ్గితే అదే గాలికి తక్కువ వేగం సరిపోతుంది. రంగు మాత్రం గోధుమ, కాఫీపొడి కలనేత. మా కుర్రాళ్లకి నచ్చదు, వాళ్లకి లైట్లు వెలగాలి. ఇన్ని చప్పుళ్లూ పోయాక అడుగున దాగి ఉన్నదొకటి పైకి తేలింది, బోర్డు మీది కాయిల్స్ కూత. ఫ్యాను హోరు ఉన్నన్నాళ్లూ అది ఎవరికీ వినబడలేదు. దానికి నా దగ్గర నూనె చుక్క లేదు.

బోర్డు బయాస్‌లోనే ఎన్ని డిగ్రీలకి ఎంత వేగమో గీత గీసుకునే వీలు ఇప్పుడుంది. కంపెనీ పెట్టిన గీత వదిలేస్తే మే నెలలో ఫ్యాన్లు పొద్దంతా పూర్తి వేగంతోనే ఉంటాయి, చలికాలం గీత పెడితే మధ్యాహ్నానికి మిషను నీరసిస్తుంది. అందుకని రెండు గీతలు దాచి ఇస్తాను. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయాక రెండోది పెట్టుకోమని చెబుతాను. ఎవరూ పెట్టుకోరు. ఏప్రిల్‌లో ఫోన్లు మొదలవుతాయి. ఈమధ్య గేములాడే కుర్రాడొకడు 450 వాట్ల గ్రాఫిక్స్ కార్డు తెచ్చి, “అన్నా, చప్పుడు రాకుండా బిగించు” అన్నాడు. ప్రెస్కాట్‌లు నాలుగు ఒక్క కార్డులో. మూడు పెద్ద ఫ్యాన్లు, వాటి కింద వరసగా వేడి గొట్టాలు ఉన్నాయి కాబట్టి కార్డు దగ్గర మోత తక్కువే. ఆ 450 వాట్లూ వాడి గదిలోకే వస్తాయి. గదిలో ఏసీ ఉందా అని అడిగాను. ఉందన్నాడు, కిటికీది, పాతది. అది నా బల్ల మీదికి వచ్చే సరుకు కాదు, బిల్లు రాసి ఇచ్చాను.